ఒక్కడి వెబ్‌సైట్, 30 టీమ్‌ల జీతాల చిట్టా: క్యాప్‌గీక్ కథ

ఈరోజు ఎపిసోడ్ హాకీ గురించి. ఆగండి, అప్పుడే స్కిప్ కొట్టకండి. మనకి హాకీ అంటే ధ్యాన్‌చంద్, ఒలింపిక్ గోల్డ్‌లు. ఇది ఆ హాకీ కాదు. కెనడా, అమెరికాలో మంచు మీద స్కేట్లు కట్టుకుని ఆడే ఐస్ హాకీ. లీగ్ పేరు నేషనల్ హాకీ లీగ్, పొట్టిగా ఎన్‌హెచ్‌ఎల్. ఇంకో మాట, ఈరోజు గోల్స్ గురించి కూడా పెద్దగా మాట్లాడను. జీతాల గురించి మాట్లాడతా. ఎవరికి ఎంత ఇస్తున్నారు, ఆ సంగతి ఎవరికి తెలియాలి, ఎవరికి తెలియకుండా దాచారు అనేదే ఇవాళ్టి కథ.

ముందు నా సంగతి ఒకటి చెప్తా. బీటెక్ అయ్యాక నా మొదటి ఉద్యోగంలో, ఆఫర్ లెటర్‌లోనే ఒక లైన్ ఉండేది: నీ జీతం ఎవరికీ చెప్పకూడదు అని. నేను బుద్ధిగా రెండేళ్ళు ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు టీ తాగుతుంటే పక్క సీటు వాడు, "మావా, నీకెంత?" అన్నాడు. చెప్పాను. వాడు టీ గ్లాసు కింద పెట్టేశాడు. అదే బ్యాచ్, అదే పని, వాడు రాసిన కోడ్‌లో బగ్స్ నేను సరిచేసేవాడిని, అయినా వాడికి నాకంటే చాలా ఎక్కువ. వాడి తప్పేం లేదు, జాయిన్ అయ్యేటప్పుడు అడిగాడు, నేను అడగలేదు, అంతే. అడగాలంటే ఎంత అడగాలో తెలియాలి కదా. ఆ తెలియకపోవడం వల్ల లాభం ఎవరికి? ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ప్రపంచంలోనే గొప్ప హాకీ ప్లేయర్‌కి కూడా సరిగ్గా ఇదే జరిగింది.

ఆయన పేరు గోర్డీ హౌ. డెట్రాయిట్ రెడ్ వింగ్స్ టీమ్. 1946 నుంచి ఆడుతున్నాడు. "నువ్వే మా టాప్, నీకే ఎక్కువ ఇస్తున్నాం" అని మేనేజ్‌మెంట్ చెప్తూ వచ్చింది, ఈయన నమ్ముతూ వచ్చాడు. 1968లో బాబీ బాన్ అనే డిఫెన్స్ ప్లేయర్ ఆ టీమ్‌లోకి వచ్చాడు. మంచి ఆటగాడే, కానీ హౌ స్థాయి కాదు. అతను హౌతో అసలు లెక్క చెప్పాడు: అన్నా, నాకు 67,000 డాలర్లు. హౌకి వస్తున్నది 45,000. తన టీమ్‌లోనే తాను మూడో స్థానంలో ఉన్నాడని ఆయనకి అప్పుడు తెలిసింది. నలభై దాటిన మనిషి, ఆ 1968-69 సీజన్‌లో 103 పాయింట్లు కొట్టాడు. వెళ్ళి అడిగితే ఓనర్ బ్రూస్ నోరిస్ లక్ష డాలర్లు చేశాడు. అంటే ఇవ్వడానికి డబ్బు ఎప్పుడూ ఉంది. అడిగేవాడికి లెక్క తెలియలేదు, అంతే.

దీనికంటే ముందే అదే టీమ్‌లో ఇంకొకాయన ఈ సంగతి కనిపెట్టాడు. టెడ్ లిండ్సే. 1957లో ప్లేయర్ల సంఘం పెట్టడానికి ముందుకొచ్చాడు. పెన్షన్ ఫండ్ లెక్కలు చూపించండి అన్నాడు. ఆ సీజన్ ఆయన కెరీర్‌లో బెస్ట్, 85 పాయింట్లు. బహుమతిగా ఏమొచ్చింది? షికాగోకి, అప్పట్లో అట్టడుగున ఉన్న టీమ్‌కి, ట్రేడ్ చేసి పంపేశారు. అంతకంటే దారుణం ఏంటంటే, డెట్రాయిట్ జనరల్ మేనేజర్ జాక్ ఆడమ్స్ రిపోర్టర్లకి ఒక దొంగ కాంట్రాక్ట్ చూపించి, ఇదిగో ఇంత ఇస్తుంటే ఈయన ఇంకా గొడవ చేస్తున్నాడు అని ప్రచారం చేశాడని చెప్తారు. ఆ కాగితం నిజమా కాదా అని చెక్ చేసే దారి ఆ రోజుల్లో రిపోర్టర్లకి గానీ, ఫ్యాన్స్‌కి గానీ లేదు. జీతం రహస్యంగా ఉంటే, ఉన్నదానికంటే తక్కువ అని నమ్మించొచ్చు, ఎక్కువ అని కూడా నమ్మించొచ్చు. రెండూ ఒకళ్ళ చేతిలోనే ఉంటాయి.

సంఘం చివరికి 1967లో నిలబడింది. దాన్ని నడిపిన అలన్ ఈగిల్‌సన్ అనే లాయర్ గురించి చెప్పాలంటే అదే వేరే ఎపిసోడ్ అవుతుంది. ప్లేయర్ల తరఫున ఉండాల్సిన మనిషి చివరికి 1998లో మోసం కేసులో నేరం ఒప్పుకుని జైలుకెళ్ళాడు. మనకి కావాల్సింది ఏంటంటే, 1990 ప్రాంతంలో ప్లేయర్లు తమ జీతాలు ఒకరికొకరు తెలిసేలా బయటపెట్టాలని నిర్ణయించుకున్నారు. ఆ వేసవిలోనే స్కాట్ స్టీవెన్స్ వాషింగ్టన్ నుంచి సెయింట్ లూయిస్‌కి 4 ఏళ్ళకి 51 లక్షల డాలర్ల ఆఫర్‌తో వెళ్ళాడు. అదే టీమ్‌లో బ్రెట్ హల్ 4 ఏళ్ళకి 71 లక్షలకి సంతకం పెట్టాడు. అక్కడినుంచి జీతాలు ఆగలేదు. 2003-04 కల్లా సగటు జీతం 18.3 లక్షల డాలర్లు.

ఓనర్లు ఊరుకుంటారా? 2004లో గేట్లు మూసేశారు, లాకౌట్ అన్నమాట. 2005 ఫిబ్రవరి 16న కమిషనర్ గ్యారీ బెట్‌మన్ సీజన్ మొత్తం రద్దు అని ప్రకటించాడు. స్టాన్లీ కప్ ఎవరికీ ఇవ్వలేదు, 1919 ఫ్లూ తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. జూలైలో ఒప్పందం కుదిరింది. ఉన్న కాంట్రాక్ట్‌లన్నీ 24 శాతం కోత. దానితో పాటు సాలరీ క్యాప్: ఏ టీమ్ అయినా 2005-06లో జీతాలకి 3.9 కోట్ల డాలర్లు దాటకూడదు.

క్యాప్ అంటే మనకి తెలిసిందే, ఐపీఎల్ ఆక్షన్‌లో పర్స్ లాంటిది. 2025 సీజన్ మెగా ఆక్షన్‌కి ఒక్కో టీమ్‌కి 120 కోట్ల పర్స్, రిషభ్ పంత్‌కి లక్నో 27 కోట్లు పెట్టింది. ఇంకెంత మిగిలింది అనేది టీవీలో కిందే కనిపిస్తూ ఉంటుంది. మనింట్లో అమ్మ కూడా చూసి చెప్పేస్తుంది, "వీళ్ళ దగ్గర ఇంక డబ్బుల్లేవురా" అని. హాకీ అభిమానికి అలా చూపించే స్క్రీన్ లేదు. పైగా అక్కడ రూల్స్ పది రెట్లు కష్టం. ఆక్షన్ ఉండదు, ఒక్కో ప్లేయర్‌ది ఒక్కో కాంట్రాక్ట్, ఒక్కో పొడవు, ఒక్కో ఏడాది ఒక్కో జీతం. ఫలానా ప్లేయర్‌ని మా టీమ్ కొనొచ్చా అంటే, ముందు మా టీమ్‌కి ఎంత ఖాళీ ఉందో తెలియాలి. అది అధికారికంగా చూపించే పేజీ అప్పట్లో అభిమానికి దొరికేది కాదు.

ఇక్కడ మన హీరో వస్తాడు. మాథ్యూ వ్యూస్ట్. కెనడా తూర్పు కొసన, నోవా స్కోషియాలో హాలిఫాక్స్ అనే ఊరు. ఆ రాష్ట్రంలో ఎన్‌హెచ్‌ఎల్ టీమే లేదు. ఆ ఊరి పక్కనే పెరిగిన సిడ్నీ క్రాస్బీ మాత్రం లీగ్‌లో పెద్ద స్టార్. వ్యూస్ట్ పనిచేసేది స్పోర్ట్స్ జర్నలిస్టుగా. 2009లో క్యాప్‌గీక్ అని వెబ్‌సైట్ పెట్టాడు. 30 టీమ్‌లు, ప్రతి ప్లేయర్, జీతం, ఎన్నేళ్ళు, ఎప్పుడు అయిపోతుంది, ట్రేడ్ చేయకూడదనే షరతు ఉందా లేదా, టీమ్‌కి ఇంకా ఎంత ఖాళీ ఉంది, అన్నీ ఒక్కచోట. ఏజెంట్లు, టీమ్ ఆఫీసుల్లో వాళ్ళు, రిపోర్టర్లు, ఇలా నలుగురినీ అడిగి, కనుక్కుని, సరిచూసుకుని పెట్టేవాడు.

సైట్ చూడ్డానికి అంత అందంగా ఉండేది కాదు, నిజం చెప్పాలి. పెద్ద పెద్ద టేబుల్స్, ఎక్సెల్ షీట్ లాగా. కానీ దాని వెనక లాజిక్ చూస్తే ఒక ఇంజినీర్‌గా నాకు ముచ్చటేస్తుంది. ఒక ఉదాహరణ: బైఅవుట్. టీమ్‌కి ప్లేయర్ వద్దనుకుంటే, మిగిలిన జీతంలో మూడింట రెండొంతులు ఇచ్చి పంపేయొచ్చు. ప్లేయర్ వయసు 26 లోపు అయితే మూడింట ఒక వంతే. ఆ డబ్బు మిగిలిన ఏళ్ళకి రెట్టింపు కాలంలో పంచాలి. అంటే 30 ఏళ్ళ ప్లేయర్‌కి ఇంకా 3 ఏళ్ళు, ఏడాదికి 60 లక్షల డాలర్లు ఉన్నాయనుకోండి. మొత్తం 1.8 కోట్లు, అందులో 1.2 కోట్లు, 6 ఏళ్ళకి పంచితే ఏడాదికి 20 లక్షలు. ఇది సింపుల్ కేసు. జీతం ఏడాదికో రకంగా ఉంటే లెక్క ఇంకా మెలికలు తిరుగుతుంది. క్యాప్‌గీక్‌లో ప్లేయర్ పేరు కొడితే చాలు, ఈ లెక్క వచ్చేసేది. ఇంకోటి, క్యాప్ లెక్క రోజువారీగా జరుగుతుంది. సీజన్ మొదట్లో 10 లక్షల ఖాళీ ఉండి, దాన్ని ముట్టుకోకపోతే, సీజన్ ముప్పావు వంతు అయ్యేసరికి ఏడాదికి 40 లక్షల ప్లేయర్‌ని తెచ్చుకోవచ్చు. ఎందుకంటే మిగిలిన పావు వంతు రోజులకే కదా అతని జీతం. ట్రేడ్ డెడ్‌లైన్ రోజున ఇలాంటివి తెలిసినవాడే మొనగాడు.

ఫ్యాన్స్ రాత్రుళ్ళు కూర్చుని సొంత టీమ్‌లు కట్టుకునేవాళ్ళు, సరే. ఆశ్చర్యం ఏంటంటే రిపోర్టర్లు, ఏజెంట్లు, ఆఖరికి టీమ్‌ల ఆఫీసుల్లో వాళ్ళు కూడా ఈ సైట్ తెరిచి పెట్టుకునేవాళ్ళు. లీగ్ నడిపేవాళ్ళే అభిమాని కట్టిన సైట్ చూసుకుంటున్నారంటే, ఆ డేటా ఎంత నమ్మకంగా ఉండేదో అర్థం చేసుకోండి.

సరిగ్గా ఆ టైమ్‌లోనే టీమ్‌లు క్యాప్‌ని బురిడీ కొట్టించే కళలో పండిపోయాయి. 2010 జూలైలో న్యూజెర్సీ డెవిల్స్, ఇల్యా కోవల్‌చుక్ అనే రష్యన్ ప్లేయర్‌తో 17 ఏళ్ళ కాంట్రాక్ట్ రాసుకుంది. 10.2 కోట్ల డాలర్లు. అతనికప్పుడు 27. కాంట్రాక్ట్ అయిపోయేసరికి 44. ఎందుకంత పొడవు? క్యాప్‌లో పడేది ఆ ఏడాది ఇచ్చే జీతం కాదు, మొత్తం కాంట్రాక్ట్ సగటు. 10.2 కోట్లని 17తో భాగిస్తే ఏడాదికి 60 లక్షలు. ఇప్పుడు చివరి 5 ఏళ్ళు చూడండి, ఏడాదికి 5.5 లక్షలే. ఆ వయసులో ఎలాగూ ఆడడు, రిటైరైపోతాడు అని అందరికీ తెలుసు. ఆ 5 ఏళ్ళు తీసేస్తే 12 ఏళ్ళకి 9.925 కోట్లు, సగటు దాదాపు 82.7 లక్షలు. అంటే అసలు రేటు 82 లక్షలు, క్యాప్‌లో చూపించేది 60. ఏడాదికి 22 లక్షల డాలర్ల ఖాళీ గాల్లోంచి పుట్టించారు. అందులో ఇంకో మంచి ప్లేయర్ వస్తాడు.

లీగ్ ఒప్పుకోలేదు. మధ్యవర్తి రిచర్డ్ బ్లాక్ ఆగస్టులో లీగ్ వైపే తీర్పు చెప్పాడు. డెవిల్స్ 15 ఏళ్ళు, 10 కోట్లకి మళ్ళీ రాసుకుంది, అది చెల్లింది. టీమ్‌కి 30 లక్షల జరిమానా, డ్రాఫ్ట్ పిక్‌లు పోయాయి. తర్వాత శిక్ష కొంత తగ్గించారనుకోండి. ఇంత చేస్తే ఆ కోవల్‌చుక్ 2013లో ఎన్‌హెచ్‌ఎల్ వదిలేసి రష్యా వెళ్ళిపోయాడు! 12 ఏళ్ళు మిగిలే ఉన్నాయి.

ఇలాంటివి ఆగాలని 2013 ఒప్పందంలో కాంట్రాక్ట్ పొడవుకి హద్దు పెట్టారు, సొంత ప్లేయర్‌కి 8 ఏళ్ళు, బయటివాడికి 7. పాత పొడుగు కాంట్రాక్ట్‌లకి కూడా వెనక్కి వెళ్ళి శిక్ష వేశారు. రాబర్టో లువోంగో కేసు ఉంది. వాంకూవర్ గోలీ, 2009లో 12 ఏళ్ళకి 6.4 కోట్లు. 2014లో అతన్ని ఫ్లోరిడాకి పంపేశారు. 2019లో రిటైరయ్యాడు. వాంకూవర్ క్యాప్‌లో ఆ తర్వాత 3 సీజన్ల పాటు ఏడాదికి 30 లక్షలకి పైగా కోత పడింది, వదిలేసి 5 ఏళ్ళైన ప్లేయర్ మీద! వాళ్ళు సంతకం పెట్టినప్పుడు ఆ రూల్ అసలు లేదు. నాకైతే ఇది అన్యాయమే అనిపిస్తుంది, కోవల్‌చుక్ కేసు ఎంత కామెడీ అయినా సరే. ఇంకొకాయన, రిక్ డిపియెట్రో, 15 ఏళ్ళ కాంట్రాక్ట్ మధ్యలో పంపేస్తే ఏడాదికి 15 లక్షల డాలర్లు 2029 దాకా వస్తూనే ఉంటాయి. మనలో ఎవరికైనా ఉందా ఇలాంటి నోటీస్ పీరియడ్?

క్రాస్బీ కాంట్రాక్ట్ కూడా చెప్పేస్తా, ఇది సరదాగా ఉంటుంది. 2012లో 12 ఏళ్ళకి 10.44 కోట్లు. సగటు తీయండి: 87 లక్షలు. జెర్సీ నంబర్ 87. పుట్టింది 1987 ఆగస్టు 7న, అంటే 8వ నెల 7వ తేదీ. కాకతాళీయం కాదు, కావాలనే. న్యూమరాలజీ మనవాళ్ళకే అనుకుంటాం!

ఇవన్నీ సామాన్య అభిమానికి ఎలా అర్థమయ్యాయి? చాలా వరకు క్యాప్‌గీక్ వల్ల. పేపర్‌లో "17 ఏళ్ళు, 10.2 కోట్లు" అని హెడ్డింగ్ వస్తుంది. ఏ ఏడాది ఎంత అనే వరుస చూస్తేనే మోసం కనిపిస్తుంది. ఆ వరుసని అందరి ముందూ పెట్టింది ఈయన.

2015 జనవరి 3. సైట్ తెరిస్తే టేబుల్స్ లేవు. ఆరోగ్య కారణాల వల్ల క్యాప్‌గీక్ ఆపేస్తున్నాం అని చిన్న మెసేజ్. చాలామందికి అప్పటిదాకా ఆయన జబ్బు సంగతే తెలీదు. పెద్దపేగు క్యాన్సర్. సాఫ్ట్‌వేర్‌లో మేం బస్ ఫ్యాక్టర్ అంటాం, టీమ్‌లో ఎంతమందిని బస్సు గుద్దేస్తే ప్రాజెక్ట్ ఆగిపోతుంది అనే లెక్క. మీటింగుల్లో నవ్వుకుంటూ వాడే మాట అది. క్యాప్‌గీక్‌కి ఆ నంబర్ ఒకటి. లీగ్ మొత్తం ఆధారపడిన డేటా ఒక్క మనిషి ఓపిక మీద నడిచింది, ఆ మనిషి ఆస్పత్రుల చుట్టూ తిరుగుతూ కూడా నడిపాడు.

ఆ ఏడాది ట్రేడ్ డెడ్‌లైన్ మార్చి 2. దానికి నాలుగు రోజుల ముందు ఒక వింత ట్రేడ్ జరిగింది. కొలంబస్ టీమ్ నేథన్ హోర్టన్‌ని టొరంటోకి ఇచ్చి, డేవిడ్ క్లార్క్‌సన్‌ని తెచ్చుకుంది. హోర్టన్‌కి నడుము దెబ్బ, మళ్ళీ ఆడే ఆశే దాదాపు లేదు. అతని కాంట్రాక్ట్‌కి ఇన్సూరెన్స్ లేదు కాబట్టి కొలంబస్ జేబులోంచి కట్టాలి. టొరంటోకి డబ్బుకి కొదవలేదు, క్యాప్‌లోనే ఖాళీ లేదు. దీర్ఘకాల గాయం అని రాస్తే క్యాప్‌లో వెసులుబాటు దొరుకుతుంది. ఒకరికి డబ్బు సమస్య, ఇంకొకరికి క్యాప్ సమస్య, మార్చేసుకున్నారు. క్యాప్‌గీక్ కోసమే పుట్టినట్టున్న ట్రేడ్. కానీ చూడ్డానికి క్యాప్‌గీక్ లేదు.

మార్చి 19న వ్యూస్ట్ చనిపోయాడు. వయసు 35. హాకీ ప్రపంచం అంతా సంతాపం చెప్పింది.

ఆ ఖాళీలో కొత్తవి పుట్టాయి. జనరల్ ఫానేజర్ అని ఒకటి వచ్చింది, దాన్ని కట్టినవాడిని 2016లో వేగస్ టీమ్ ఉద్యోగంలోకి తీసుకుంది, సైట్ పోయింది. క్యాప్‌ఫ్రెండ్లీ అని ఇంకోటి నిలబడింది, అది క్యాప్‌గీక్‌ని మించిపోయింది. 2020-21లో టాంపా బే టీమ్ నికిటా కూచెరోవ్‌ని హిప్ సర్జరీ అని రెగ్యులర్ సీజన్ మొత్తం గాయాల లిస్ట్‌లో పెట్టింది. ప్లేఆఫ్స్‌లో అప్పటికి క్యాప్ లేదు. సరిగ్గా మొదటి ప్లేఆఫ్ మ్యాచ్‌కి దిగాడు, 32 పాయింట్లు కొట్టాడు, కప్ గెలిచారు. సంబరాల్లో కూచెరోవ్ వేసుకున్న టీషర్ట్ మీద ఏముందో తెలుసా? క్యాప్ కంటే 1.8 కోట్లు ఎక్కువ అని. జీతాల లెక్క టీషర్ట్ మీద జోక్ అయితే, అది చూసి జనం పగలబడి నవ్వితే, ఆ జనానికి క్యాప్ అర్థమైనట్టే కదా. 2005లో ఆ జోక్ ఎవరికీ ఎక్కేది కాదు. (2025-26 నుంచి ప్లేఆఫ్స్‌లోనూ క్యాప్ లెక్క పెట్టారు లెండి.)

ఇక 2024 జూన్. వాషింగ్టన్ క్యాపిటల్స్ టీమ్ క్యాప్‌ఫ్రెండ్లీని కొనేసింది. కంపెనీని, డేటాని, టూల్స్‌ని, అన్నీ. జూలై 10న సైట్ జనానికి మూతపడింది. ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. కట్టినవాళ్ళకి కష్టానికి డబ్బు వచ్చింది, రావాలి కూడా. ఏళ్ళ తరబడి ఫ్రీగా ఇచ్చినవాళ్ళని ఎందుకు అమ్మారని అడగడానికి నాకు నోరు రాదు. కానీ హౌ కథ పక్కన పెట్టుకుని చూస్తే నాకు కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. అందరి ముందూ ఉన్న లెక్కల పుస్తకాన్ని 32 టీమ్‌లలో ఒక టీమ్ తన బీరువాలో పెట్టుకుంది.

ఈసారి మాత్రం ఖాళీ ఎక్కువ రోజులు ఉండలేదు. పక్‌పీడియా అనే సైట్ అప్పటికే ఉంది, జనం అటు వెళ్ళిపోయారు. 2024 సెప్టెంబర్‌లో క్రాస్బీ, 37 ఏళ్ళ వయసులో, పిట్స్‌బర్గ్‌తో ఇంకో 2 ఏళ్ళకి సంతకం పెట్టాడు. ఎంతకో నేను పక్‌పీడియాలో చూశాను. ఏడాదికి 87 లక్షలు.

సరే, ఇవాళ్టికి ఇంతే. ఈగిల్‌సన్ ఎపిసోడ్ చేస్తానన్నాను కదా, చేస్తా. ఉంటాను మరి.